పటానికి బయానా

ఆ లిఫ్టుకు మూడు వైపులా అద్దాలే. పెళ్ళయ్యాక మా ఇద్దరినీ నిలువెత్తున ఒకే చోట చూసుకోవడం నాకదే మొదటిసారి. ఖతార్‌లోని ఉమ్ సలాల్‌లో మా గదిలో ఉన్నది ఒక చేతి అద్దం. అందులో ఒకరి ముఖం పట్టాలంటే ఇంకొకరు పక్కకు జరగాలి. అందుకని లిఫ్టు పైకి పోతున్నంత సేపూ నేను అటూ ఇటూ తిరిగి మా జంటను చూసుకుని మురిసిపోయాను.

"బావా, మనం జోడీ మంచిగనే ఉన్నం గదా."

బావ అద్దం వైపు చూడనే లేదు. నీళ్ళ పైపు ముక్కలో చుట్టిపెట్టిన పటాన్ని రెండు చేతులా పట్టుకుని, తలుపు పైన మారుతున్న అంతస్తుల అంకెలు చూస్తున్నాడు.

"నవ్వరాదు? ఫొటో గుంజుత."

"నవ్వితే వాంతయితది పిల్లా. ఊకో."

బావ అంటే గజేందర్. మా మేనత్త కొడుకు, ఈ వేసవి నుంచి నా భర్త. 'నా భర్త' అని రాయడం నాకింకా కొత్తగానే ఉంది, కనక అవసరం లేని చోట కూడా రాస్తాను. నకాషోళ్ళ ఇంటి పిల్లవాడు. వాళ్ళ తాత బట్ట మీద పొడుగాటి పటాలు వేసేవాడు. ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ళు ఆ పటాన్ని గోడకు వేలాడదీసి, కట్టెతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ కథ చెప్పేవారు. కథలు చెప్పేవాళ్ళు తగ్గిపోయారు, పటాలు అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. తాత దగ్గర నేర్చుకున్న చెయ్యితో బావ ఖతార్ వచ్చి ఒక కంపెనీలో షాపు బోర్డులు రాసే పనిలో చేరాడు. షవర్మా, పళ్ళ డాక్టరు, టైర్ల దుకాణం. అల్ సద్‌లో నడుస్తుంటే "గా పన్ను నాదే, గా కోడి నాదే" అని చూపిస్తాడు. నాకు ఆ కోళ్ళన్నీ మా ఇంటి కోళ్ళలాగే అనిపిస్తాయి.

ఇప్పుడు ఆ కంపెనీ పెద్ద ప్రింటింగ్ మిషిన్ కొంది. ఇక చేత్తో రాసే బోర్డులు లేవు. వచ్చే నెల నుంచి బావ ఆ మిషిన్ దగ్గర హెల్పర్. రోల్ ఎక్కించాలి, రోల్ దింపాలి.

సరిగ్గా అప్పుడే మెట్రో స్టేషన్‌లో నేనా ప్రకటన చూశాను. ఖతార్‌లో ఉంటున్న కళాకారులు ఏ దేశం వాళ్ళైనా సరే, ఎంపికైతే ఆరు నెలలు స్టూడియో ఇస్తారు, నెలనెలా ఖర్చులు ఇస్తారు, రంగులూ బట్టా వాళ్ళవే. పనిని నలుగురి ముందు ఎలా పెట్టాలో, దాని గురించి ఎలా మాట్లాడాలో తరగతులు కూడా పెడతారు. బావ చదివించుకుని, మళ్ళీ చదివించుకుని, మూడోసారి నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే చూశాడు. కంపెనీ మేనేజరును అడిగితే ఆయన ఒకే మాట అన్నాడు. "వస్తే పో. ఆరు నెలలు నీ వీసా క్యాన్సిల్ చెయ్యకుండ ఆపుత. రాకపోతే మిషిన్ మీదికి రా. మళ్ళ ఈ ముచ్చట నా దగ్గర తేవద్దు."

అంటే, ఇవాళ వస్తే వచ్చినట్టు. లేకపోతే బావ చేతిలో కుంచె ఉండదు. ఆ సంగతి తనెప్పుడూ పైకి అనలేదు. కానీ వారం రోజులుగా నిద్రలో చూపుడు వేలితో పరుపు మీద గీతలు గీస్తున్నాడు. నాకు మెలకువ వచ్చి చూస్తూ పడుకునేదాన్ని.

లిఫ్టు ఆగింది.

కౌంటరు దగ్గర నల్ల అబాయాలో ఉన్న ఒకామె మమ్మల్ని చూసి లేచి నిలబడింది. ఆమె పేరు నూఫ్. ఎంపిక పనులన్నీ చూసుకునేది ఆమె. చాలా మర్యాదగా ఇంగ్లీషులో, "స్వాగతం, చర్చ నడిపేది మీరే కదా?" అంది బావతో.

నేను నవ్వాను. ఆమె పొరపడిందనుకున్నాను. "కాదు మేడమ్, ఆయన బొమ్మలు వేస్తారు. పటం చూపించడానికి వచ్చాం."

ఆమె ముఖంలో మర్యాద అలాగే ఉంది, కానీ చేతిలో పెన్ను ఆగిపోయింది. "బొమ్మలు వేసేవాళ్ళ పనులు నిన్ననే చూసేశారు. మీ తరఫున ఫోన్ చేసినాయన 'నికాష్' అన్నారు. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నికాష్ అనే అన్నారు."

పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు తెలిసిపోయింది.

ఫోన్ చేసింది ఇక్రాముద్దీన్ అన్న. కోరుట్ల ఆయన, మా పక్క విల్లాలో డ్రైవరు. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, అరబ్బీ గడగడా మాట్లాడతాడు. పేరూ, చేసే పనీ ఫోన్‌లో చెబితే చాలన్నారు కదా అని ఆయన్నే మాట్లాడమన్నాం. ఆయన ఛాతీ పొంగించి, "నకాష్ హై మేడమ్, అస్లీ నకాష్! ఖాన్‌దానీ!" అని, తాతల నాటి పని అన్నట్టు చెప్పడం నేను విన్నాను కూడా. మా భాషలో నకాష్ అంటే బొమ్మలు వేసేవాడు. అరబ్బీలో నికాష్ అంటే చర్చ అని అప్పుడు మాకెవరికి తెలుసు?

"ఏమంటున్నది?" అన్నాడు బావ.

చెప్పాను. పైపు ముక్కను దగ్గరికి లాక్కున్నాడు.

"అంటే, పటం చూడరా?"

నూఫ్ మేడమ్ మా ఇద్దరి ముఖాలూ చూసింది. గొంతు తగ్గించి చెప్పింది. "చర్చకు ఒక సమయం మీ పేరు మీద ఉంది. దాన్ని నేను తీసేయను. ఎంపిక చేసేవాళ్ళు కూడా అదే గదిలో ఉంటారు. మీరు మాట్లాడండి, పటం కూడా విప్పండి. వాళ్ళు అడిగితే మిమ్మల్ని పోటీలో కలపడానికి నాకు దారి దొరుకుతుంది. మాట్లాడకపోతే మాత్రం వచ్చే సంవత్సరం రండి."

"మాట్లాడుడా?" అన్నాడు బావ. "నేనా? తిరుమలా, నాకు మన పెండ్లిల మైకిస్తేనే నోరు రాలే."

"నేనున్న గదా. నువ్వు తెలుగుల చెప్పు, నేను ఇంగ్లీషుల చెప్త."

"దేని మీద మాట్లాడాల్నట?"

నూఫ్ మేడమ్ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. "కళాకారుడు తన తర్వాతి పనిని ఎట్ల ఎంచుకుంటడు."

బావ నన్ను వింతగా చూశాడు. "ఎంచుకునుడేంది?" అన్నాడు. నాకా మాట ఆ క్షణంలో ఎక్కలేదు. లోపలికి పిలిచారు.

గదిలో పదిహేను ఇరవై మంది ఉన్నారు. ముందు వరసలో ఎంపిక చేసేవాళ్ళు ముగ్గురు. మధ్యలో తెల్లని పొడుగు అంగీ, తోబ్, వేసుకున్న ఖతారీ పెద్దాయన. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు కనక నిర్ణయం ఆయనదేనని తెలిసిపోయింది. వెనక వరసల్లో నిన్న తమ పనులు చూపించిన కళాకారులు కూర్చున్నారు. ఒకామె నన్ను చూసి కొంచెం నవ్వింది. ఆ కాస్త నవ్వుకే నాకు పెరుగన్నం తిన్నట్టయింది.

బావ పటం విప్పాడు. వాళ్ళ తాత ఎప్పుడో వేసిన పటానికి నకలు అది. మా గది నేల మీద, మంచం గోడకు నిలబెట్టి వేశాడు. చింతగింజల జిగురు నేనే ఉడికించాను. ఆ వాసనకు పక్క గదివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ఎర్రటి నేల మీద పచ్చగా, నీలంగా మనుషులు గడి తర్వాత గడిగా కిందికి దిగుతుంటే వెనక కూర్చున్నవాళ్ళు కూడా మెడలు సాచారు. పెద్దాయన లేచి దగ్గరికి వచ్చాడు. చాలాసేపు చూశాడు. బట్ట అంచును రెండు వేళ్ళతో పట్టి చూసి, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇతన్ని అడుగు," అన్నాడు నాతో ఇంగ్లీషులో. "ఆరు నెలలు ఇస్తే ఏం వేస్తాడు?"

అడిగాడు! పోటీలోకి వచ్చేశాం. నేను బావ వైపు తిరిగి ఆ ప్రశ్న చెప్పాను.

బావ నేరుగా చూస్తూ, "తెల్వదు," అన్నాడు.

"ఏంది?"

"తెల్వదు అని చెప్పు."

పెద్దాయన నా నోటి వైపే చూస్తున్నాడు. తెలియదు అన్న ముక్కను ఇంగ్లీషులో పెడితే అది ఎంత బోడిగా వినిపిస్తుందో నాకు ముందే వినబడింది. ఆరు నెలలూ స్టూడియో ఇస్తామంటే తెలియదనేవాడికి ఎవరిస్తారు? బావ పరుపు మీద గీసే గీతలు గుర్తొచ్చాయి. నా నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"అల్ షహానియాలో ఒంటెల దగ్గర పనిచేసే మనవాళ్ళ జీవితం మీద ఒక పెద్ద పటం వేస్తారు," అన్నాను. ఇక్రామ్ అన్న డ్రైవరు కాకముందు అక్కడ పనిచేశాడు. ఒకసారి మాటల్లో అన్నాడు, అదే తట్టింది. "పొద్దున్నే ఒంటెలను నడిపించుకుపోవడం, పందేలు, ఎడారి..." ఎడారి అనగానే ఇంకా చాలా తోచాయి. అన్నీ చెప్పాను. నేనే నమ్మేంత బాగా చెప్పాను.

పెన్నులు కదిలాయి. పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన కళ్ళలో వెలుగు నేను చూశాను.

"క్యామెల్ ఏంది?" అన్నాడు బావ పక్కనుంచి.

"ఊకో బావా, తర్వాత చెప్త."

"క్యామెల్ అన్నవ్. షహానియా అన్నవ్. నేనెప్పుడన్న?"

"మంచిగ నడుస్తుంది, చెడగొట్టకు."

"నువ్వు ఒంటెను దగ్గర్నుంచి చూసినవా?"

"లేదు."

"నేను చూసిన్నా?"

"బావా, అందరు చూస్తున్నరు."

"చూడనీ. ఎవరి కథ అది? ఎవరు చెప్పిన్రు నాకు?" అతని గొంతు పెరగలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. "చెప్పేటోడు వచ్చి ఇది వెయ్యిరా అంటె వేస్తం. మా తాతైనా అంతే, మా నాయినైనా అంతే. నా అంతల నేనే కూసోని కథ పుట్టించి పటం వేస్తె, దాన్ని పట్టుకోని ఎవడు చెప్తడు? నిజం చెప్పు వాళ్ళకు."

"నిజం చెప్తె పోతది."

"పోతె పోతది. మిషిన్ల రోల్ ఎక్కిస్త. అబద్ధమాడి తెచ్చుకున్న బట్ట మీద నా చెయ్యి ఆడదు తిరుమలా."

పెళ్ళయ్యాక నన్ను అంత సూటిగా చూడడం అదే మొదటిసారి. పెద్దాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏమైనా ఇబ్బందా?" అన్నాడు.

మధ్యలో ఆగిపోతూ చెప్పాను. ఒంటెల సంగతి నేను కల్పించి చెప్పానని, ఆయన అనలేదని. ఆయన అన్నది తెలియదని. వాళ్ళ ఇంట్లో బొమ్మలు వేసేవాడు ఏం వేయాలో ఎంచుకోడని, కథ ఉన్నవాడు వచ్చి అడిగితేనే పటం మొదలుపెడతాడని.

ఎంపిక చేసేవాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్నామె రాసిన దాన్ని అడ్డంగా కొట్టేసింది. ఆ పెన్ను చప్పుడు నాకు వినబడింది.

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ అడగకపోతే ఏం చేశాడు?" అన్నాడు పెద్దాయన. ఆ కళ్ళలో వెలుగు లేదు.

నేను అడిగాను. "అడిగిన్రు గదా," అన్నాడు బావ. "కోడి అడిగిన్రు, పన్ను అడిగిన్రు, టైరు అడిగిన్రు. వేసిన."

వెనక ఎవరో నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. గడియారం చూసుకుని, "నమాజు తర్వాత మాట్లాడదాం," అని లేచాడు. అందరూ లేచారు. నూఫ్ మేడమ్ నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "ఏం వేస్తారో చెప్పనిదే ఎవరికీ ఇవ్వరు. ఇది నేను మార్చగలిగింది కాదు. వాళ్ళు తిరిగి వచ్చేలోగా ఏదో ఒకటి నిజంగా ఉంటే చెప్పండి. నిజంగా ఉంటేనే."

వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాం. కిటికీలోంచి కింద అల్ సద్ అంతా ఎండలో తెల్లగా మెరుస్తోంది. కార్లు బొమ్మల్లా ఉన్నాయి. ఇంకో రోజైతే ఆ దృశ్యానికి చప్పట్లు కొట్టేదాన్ని.

"ఒక్క మాట అంటే ఏం పోయేది?" అన్నాను. "ఏదో ఒక పేరు. తర్వాత మార్చుకునేటోళ్ళం."

"నీకు అర్థమైతలేదు."

"నాకే అర్థమైతలేదా? నిద్రల గీతలు గీసేది ఎవరు? రోల్ ఎక్కిస్తడట రోల్! అప్పుడు నా దగ్గరికొచ్చి మొకం వేలాడేస్తె చూడ."

బావ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళమ్మ నిన్న ఫోన్‌లో, "దుబాయ్‌ల నా కొడుకుకు పెద్ద సార్లు బొమ్మలేసే కొలువిస్తున్నరట" అని ఊళ్ళో అందరికీ చెప్పేశానంది. ఇది దుబాయ్ కాదత్తా అని నవ్వాను అప్పుడు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఇక్రామ్ అన్న. మమ్మల్ని కారులో తెచ్చింది ఆయనే. చేతిలో కారు తాళాలు, చంకలో టిఫిన్ సంచి.

"అరే, ఏం లేట్ భాయ్! నేను పిల్లల్ని స్కూల్ నుంచి తేవాలె. మా మేడమ్ కార్ల మిమ్మల్ని తిప్పుతున్న అని తెలిస్తె ఖతం నేను. అయ్యిందా? మబ్రూక్ అని కంగ్రాట్స్ చెప్పాల్నా?"

"నువ్వు చేసిన పనికి మబ్రూకే!" అని విరుచుకుపడ్డాను. నకాష్, నికాష్ కథంతా చెప్పాను. ఆయన తల కొట్టుకున్నాడు. "తౌబా తౌబా! నాకు షాపులల్ల అరబ్బీ వచ్చు చెల్లె, సామాన్ల అరబ్బీ. గింత పెద్ద అరబ్బీ నాకేడికెల్లి వస్తది?" తర్వాత బావ 'తెలియదు' అన్నది కూడా చెప్పాను. ఆయన మాత్రం నాలాగా నోరు వెళ్ళబెట్టలేదు. బావ వైపు తిరిగి, "హౌ, సహీ చెప్పిండు," అన్నాడు.

"ఏం కరెక్టు?" అన్నాను.

"మా కోరుట్లల పటమోళ్ళు వస్తే మేం చిన్నపోరగాండ్లం ముందల కూసునేటోళ్ళం. ఆ పటమాయన చెప్తుండె, నకాషాయన ఇంటికి పోయి ఫలానా కథ గావాలె అని అడ్వాన్సు, అదే బయానా, పెట్టి వచ్చిన అని. బయానా లేనిది ఆయన బొగ్గు ముట్టడట." ఇక్రామ్ అన్న ఆగాడు. "అంటే ఇప్పుడు మీకు ఆర్డర్ ఇచ్చేటోడు గావాలె. గంతే గదా?"

"గంతే," అన్నాడు బావ.

"నేనిస్తున్న."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అన్నా, ఇది మజాక్ కాదు."

కానీ బావ నవ్వలేదు. గోడ నుంచి వీపు తీసి నిటారుగా నిలబడ్డాడు. "ఇస్తే ఉత్తగ ఇచ్చుడు కాదు ఇక్రామ్ భాయ్. పటమయినంక దాని ముందల నిలబడి నువ్వే చెప్పాలె. పది మందిల. నీ కథ నీ నోటితోని."

"చెప్త."

"ఏం కథ?"

"షహానియాల నాకూ ఒక ఒంటెకూ అయిన లొల్లి. ఇంతవరకు ఎవరికి పూర్తి చెప్పలే. మా ఇంటోళ్ళకు కూడా. నగుతరని."

"బయానా?"

ఇక్రామ్ అన్న జేబులు తడుముకున్నాడు. పర్సు కారులోనే ఉండిపోయింది. టిఫిన్ సంచిలో చెయ్యి పెట్టి ఒక అరటిపండు తీశాడు. "ఇది నడుస్తదా?"

"చేతుల ఏదో ఒకటి పడాలె. పండు ఇంకా మంచిది."

బావ రెండు చేతులూ చాచి ఆ పండు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత అది నా చేతికిచ్చి, నేల మీద కూర్చున్నాడు. పైపు లోపలి నుంచి ఖాళీ బట్ట ముక్క తీసి పరిచాడు. చొక్కా జేబులోంచి బొగ్గు తీశాడు. అది అతని జేబులో ఎప్పుడూ ఉంటుంది, ఉతికేటప్పుడు నన్ను ఏడిపిస్తుంది.

"చెప్పు. ఎప్పటి ముచ్చట?"

"చలికాలం. పొద్దుగాల. పొగమంచు ఎట్లున్నదంటే, నా చెయ్యి నాకే కనబడ్తలేదు."

"మంచుల ఒంటె ఎట్ల కనబడె?"

"కనబడలే! గదే గదా కథ. తాడు చేతుల ఉన్నది, అటు దిక్కు ఒంటె ఉన్నదనుకున్న. గుంజితే ఉత్త తాడొచ్చింది."

బావ బొగ్గు కదిలింది. ఒక మనిషి, చేతిలో తాడు, తాడు చివర ఏమీ లేదు. నాలుగు గీతలే. కానీ ఆ మనిషి ఇక్రామ్ అన్నే.

"ఆడదా మొగదా?"

"ఆడది. రాణి అని పిలిచేటోన్ని. ముదీర్, అంటే మేనేజర్‌కు పానం అది. పోతె నా పని ఖతం. మెడల గంట చప్పుడు పట్టుకోని ఉరికిన. ఉరికిన ఉరికిన, గంట ఆగింది. చూస్తె ఏడున్నది? రోడ్డు మీద. నడిమిట్ల కూసున్నది!"

"ఎటు మొకం పెట్టి కూసున్నది?"

"ఏం?"

"ఒంటె మొకం ఎటున్నది? నీ దిక్కా, రోడ్డు దిక్కా? గది తెల్వకపోతే గడి పడదు."

ఇక్రామ్ అన్న కళ్ళు మూసుకున్నాడు. "నా దిక్కు. నన్నే చూస్తుంది, ఏందిరా నీ బాధ అన్నట్టు. యల్లా అన్న. ఉఠ్ అన్న. లే నా తల్లీ అని తెలుగుల దండం పెట్టిన. దానికి ఏ భాష రాదు! అంతల ఘర్రుమని చప్పుడు. దూరం నుంచి. లారీ."

మా వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూశాను. పెద్దాయన, ఆయన పక్కన కళ్ళజోడామె, నూఫ్ మేడమ్. నేను లేవబోతే పెద్దాయన చెయ్యి ఊపి ఆపాడు. "ఏం చెబుతున్నాడు?" అని అడిగాడు.

ఈసారి నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. తాడు, పొగమంచు, గంట, రోడ్డు, లారీ. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇక్రామ్ అన్న నాకోసం ఆగకుండా తన షాపుల అరబ్బీలో తనే మొదలుపెట్టాడు. చేతులు ఊపుతూ, ఒంటెలా మెడ తిప్పుతూ చెప్పాడు. పెద్దాయన మధ్యలో ఏదో గట్టిగా అడిగాడు.

"ఏమంటున్నడు?" అన్నాడు బావ.

"ఒంటె ఊకెనే కూసోదంటున్నడు," అన్నాడు ఇక్రామ్ అన్న. "వాళ్ళ ఇంట్ల ఒంటెలున్నయట. ఏదో కారణం ఉండాలె, కాళ్ళు చూసినవా అంటున్నడు."

"చూసినవా?"

"చూసిన భాయ్. లారీ లైట్ కనబడుతున్నది ఇగ, పచ్చగ, గింత. నేను కింద కూసోని దాని ముందరి కాలు పట్టుకోని చూస్తే..."

ఫోన్ మోగింది. ఇక్రామ్ అన్న జేబులో. తెర చూసిన ఆయన ముఖం పాలిపోయింది.

"మా మేడమ్. స్కూల్ విడిచిపెట్టిన్రు! పిల్లలు ఎండల నిలబడ్డరు!"

"కాలికి ఏమైంది?" అన్నాను నేను.

"తర్వాత చెప్త చెల్లె, జుమ్మా నాడు, శుక్రవారం!" తాళాలు గలగలలాడించుకుంటూ పరుగెత్తాడు. లిఫ్టు రాలేదని మెట్ల మీదుగా దిగిపోయాడు.

వరండాలో మేమంతా అలాగే నిలబడిపోయాం. కింద బట్ట మీద రోడ్డు ఉంది, కూర్చున్న ఒంటె ఉంది, దాని కాలు పట్టుకున్న మనిషి ఉన్నాడు. మూలన చిన్న గుండ్రటి వెలుగు. ఆ పక్క గడి ఖాళీ.

పెద్దాయన వంగి ఆ ఖాళీ గడిని చూశాడు. "ఇందులో ఏముంది?" అని బావను నేరుగా అడిగాడు.

ఆ ప్రశ్న అర్థం కావడానికి బావకు నేను అక్కర్లేకపోయింది. ఇక్రామ్ అన్న దిగిపోయిన మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

పెద్దాయన కళ్ళజోడామెతో అరబ్బీలో మాట్లాడాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. ఆమె బొమ్మల వైపు చూసి, ఖాళీ గడి వైపు చూసి, ఈసారి భుజాలు ఎగరేసింది. బావ మాత్రం వాళ్ళ వైపు చూడడమే లేదు. కూర్చున్న ఒంటె మెడను సరిచేస్తున్నాడు.

నూఫ్ మేడమ్ నా దగ్గరికి వచ్చింది. "ఇస్తున్నారు," అంది. "అయితే ఒక షరతు. కథ చెప్పేవాడు కూడా స్టూడియోకు రావాలి, సెలవు రోజుల్లో అయినా సరే. పెద్దాయన ఆ శుక్రవారం తనే వస్తానంటున్నారు. పటం కోసం కాదని, ఒంటె కాలి సంగతి తెలియాలని అంటున్నారు. కథ చెప్పే ఆయన పేరు ఏమని రాయను?"

"ఇక్రాముద్దీన్," అన్నాను. "మేడమ్, ఈసారి నేను ఒక్కో అక్షరం చెప్తాను, మీరు రాసుకోండి."

ఆమె నవ్వింది.

కారు వెళ్ళిపోయింది కనక బస్సు కోసం కింద ఎండలో నిలబడ్డాం. నాకు గెంతాలని ఉంది, ఏడవాలని ఉంది, అత్తకు ఫోన్ చేయాలని ఉంది. మూడూ ఒకేసారి వచ్చి ఏదీ చేయలేకపోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. రోడ్డు మీద, పట్టపగలు. నా మణికట్టు మీద బొగ్గు వేలిముద్రలు పడ్డాయి. నేను తుడుచుకోలేదు.

"గదిల అట్లన్నందుకు కోపమొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. పోయింది. మల్ల వస్తది." నా రెండో చేతిలో అరటిపండు వేడెక్కుతోంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. "బావా, ఆకలైతుంది. బయానా తినొచ్చా?"

"తినొద్దు! గీతలన్నీ పడేదాక బయానా ఇంట్లనే ఉండాలె."

"అరటిపండు అన్ని రోజులుంటదా? రేపటికే నల్లగయితది."

బావ ఆ పండును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద అప్పుడే రెండు మచ్చలు లేచాయి.

"అయితే జల్ది పోదాం పా," అన్నాడు. బస్సు ఇంకా మలుపు తిరగకముందే చెయ్యెత్తేశాడు.